వాణిజ్య పైలట్ సైనిక పైలట్ కావాలంటే: వయసు లెక్క నుంచి వింగ్స్ దాకా

వాణిజ్య పైలట్ లైసెన్సు చేతికి వచ్చిన తరువాతనో, విమాన సంస్థలో కో-పైలట్‌గా కొంతకాలం పనిచేసిన తరువాతనో సైన్యంలో ఎగరాలన్న కోరిక బలపడేవారు ప్రతి దేశంలోనూ ఉన్నారు. వారిలో ఎక్కువమంది ముందుగా వేసుకునే ప్రశ్న, లాగ్‌బుక్‌లో నమోదైన విమాన గంటలకు అక్కడ ఎంత విలువ ఇస్తారన్నది. దానికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది: వయోపరిమితి దాటడానికి మీకు ఇంకా ఎన్ని నెలలు మిగిలాయి? పౌర విమానయానంలో గంటలు పెరిగేకొద్దీ అర్హత పెరుగుతుంది. సైన్యంలో ఆ గంటలు సంపాదించడానికి గడిచిన కాలమే అర్హతను తగ్గిస్తుంది. ఈ మార్గదర్శిలోని సలహాలన్నీ ఈ ఒక్క విషయాన్ని ఆధారం చేసుకున్నవే.

మొదటి మెట్టు: వయసు లెక్క

ప్రతి దేశమూ తన పరిమితిని తానే నిర్ణయించుకుంటుంది, అది కాలాన్ని బట్టి మారుతూ ఉంటుంది. భారత వాయుసేన ఫ్లయింగ్ బ్రాంచిలో చేరేవారికి కోర్సు ప్రారంభమయ్యే నాటికి 20 నుంచి 24 ఏళ్ల మధ్య వయసు ఉండాలి. పౌర విమానయాన డైరెక్టరేట్ జారీ చేసిన వాణిజ్య పైలట్ లైసెన్సు చెల్లుబాటులో ఉన్నవారికి ఈ పరిమితిని 26 ఏళ్ల వరకు సడలిస్తారు. అమెరికా వాయుసేనలో పైలట్ శిక్షణ మొదలయ్యేనాటికి 33 ఏళ్లు నిండకూడదు. ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని చూస్తేనే, మీ దేశపు తాజా ప్రకటనను స్వయంగా చదవకుండా ఎవరి మాటనూ నమ్మకూడదని అర్థమవుతుంది.

లెక్క వేసేటప్పుడు చాలామంది దరఖాస్తు చేసే తేదీని దృష్టిలో పెట్టుకుంటారు గాని, వయసును చూసేది చాలాచోట్ల శిక్షణ ప్రారంభమయ్యే తేదీ నాటికి. భారత వాయుసేన ఏఎఫ్‌క్యాట్ (వాయుసేన ఉమ్మడి ప్రవేశపరీక్ష) విధానంలో డిసెంబరులో ప్రకటన వెలువడి, ఫిబ్రవరిలో రాతపరీక్ష జరిగితే, కోర్సు ఆ మరుసటి సంవత్సరం జనవరిలో మొదలవుతుంది. అంటే దాదాపు పదమూడు నెలలు ఎంపిక ప్రక్రియలోనే గడిచిపోతాయి. మొదటి ప్రయత్నం ఫలించకపోతే రెండో ప్రయత్నానికి వీలుండాలి కాబట్టి, వయోపరిమితి నుంచి కనీసం రెండేళ్లు వెనక్కి లెక్కించి ఆ రోజునే మీ తుది గడువుగా పెట్టుకోవడం మంచిది.

ఇంకొక లెక్క కూడా మనసులో ఉంచుకోండి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల ప్రకారం ఇద్దరు పైలట్లు నడిపే వాణిజ్య విమానాలలో 65 ఏళ్ల వరకు పనిచేయవచ్చు. భారత వాయుసేన షార్ట్ సర్వీస్ కమిషన్‌లో (పరిమిత కాలపు అధికారి నియామకంలో) ఫ్లయింగ్ బ్రాంచి సేవాకాలం 14 ఏళ్లు. 27 ఏళ్లకు కమిషన్ పొందినవారు 41 ఏళ్లకు బయటకు వస్తారు, అప్పటికీ ఎయిర్‌లైన్‌లో ఎగరడానికి రెండు దశాబ్దాలకు పైగా మిగిలే ఉంటుంది. రెండు కోరికలూ ఉన్నవారు ముందుగా సైన్యం వైపు వెళ్లాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

రెండో మెట్టు: మీకు తెరిచి ఉన్న ప్రవేశ మార్గాలు

పౌరసత్వం మొదటి షరతు. దాని తరువాత, పౌర పైలట్లకు ఊహించని చోట అడ్డం వచ్చేది చదువు. లైసెన్సు పొందడానికి చాలా దేశాలలో డిగ్రీ అవసరం లేదు కనుక, ఇంటర్ పూర్తికాగానే నేరుగా ఫ్లయింగ్ స్కూలులో చేరినవారు ఎందరో ఉంటారు. సైనిక పైలట్ సాధారణంగా అధికారి హోదాలో ఉంటాడు గనుక అక్కడ డిగ్రీ అడుగుతారు. భారత వాయుసేనకు ఇంటర్ స్థాయిలో గణితం, భౌతికశాస్త్రాలలో ఒక్కొక్కదానిలో 50 శాతం, డిగ్రీలో 60 శాతం మార్కులు ఉండాలి. వెయ్యి గంటలు ఎగిరిన పైలట్ అయినా డిగ్రీ లేకపోతే ఈ మార్గంలో దరఖాస్తు దశలోనే ఆగిపోతాడు. ఇంకా శిక్షణలోనే ఉన్న విద్యార్థి పైలట్లు ఎగరడంతో పాటు డిగ్రీ కూడా సమాంతరంగా పూర్తి చేసుకోవాలి, ఆ డిగ్రీకి సైనిక నియామకంలో గుర్తింపు ఉందో లేదో చేరేముందే నిర్ధారించుకోవాలి.

వాయుసేన ఒక్కటే మార్గమని అనుకోకండి. నౌకాదళానికీ భూసైన్యానికీ తీరరక్షక దళానికీ సొంత విమాన విభాగాలున్నాయి, వాటి అర్హతలు వేరుగా ఉంటాయి. అమెరికా భూసైన్యంలో డిగ్రీ లేనివారు కూడా వారెంట్ ఆఫీసర్ హోదాలో హెలికాప్టర్ పైలట్ శిక్షణకు నేరుగా దరఖాస్తు చేయవచ్చు. అదే దేశంలోని ఎయిర్ నేషనల్ గార్డ్, ఎయిర్ ఫోర్స్ రిజర్వ్ దళాలలో ఒక్కొక్క స్క్వాడ్రన్ తన పైలట్లను తానే ఎంపిక చేసుకుంటుంది. ఎంపికైనవారు పూర్తికాల శిక్షణ ముగించి, ఆపై పౌర ఉద్యోగాన్ని కొనసాగిస్తూనే సేవ చేస్తారు. పౌర పైలట్ జీవితానికి అతి సన్నిహితంగా ఉన్న మార్గం అదే. మీ దేశంలో ఇటువంటి రిజర్వ్ వ్యవస్థ ఉన్నదో లేదో, అందులోకి కొత్తవారిని పైలట్లుగా తీసుకుంటారో లేక మాజీ సైనికులకే పరిమితమో విచారించండి.

మూడో మెట్టు: వైద్య ప్రమాణాలు

వాణిజ్య పైలట్లకు ఇచ్చే క్లాస్ వన్ వైద్య ధ్రువపత్రం ఉన్నది కాబట్టి సైనిక వైద్యపరీక్షను సులభంగా దాటవచ్చన్న నమ్మకం చాలా ప్రయత్నాలను చివరి దశలో దెబ్బతీస్తుంది. రెండు పరీక్షలూ వేర్వేరు ప్రశ్నలకు సమాధానం వెతుకుతాయి. పౌర వైద్యుడు, ధ్రువపత్రం చెల్లే ఆ కొద్ది నెలలు మీరు విమానాన్ని సురక్షితంగా నడపగలరా అని చూస్తాడు. సైనిక వైద్యుడు, మీ శరీరం రాబోయే పదిహేనేళ్లపాటు అధిక గురుత్వ భారాన్ని, ఆక్సిజన్ మాస్కును, అవసరమైతే ఎజెక్షన్ సీటు (ఆపదలో పైలట్‌ను విమానం నుంచి బయటకు విసిరే సీటు) తాకిడిని తట్టుకుంటుందా అని చూస్తాడు.

కంటిచూపులో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. కళ్లద్దాలతో చూపు సరిపోతే పౌర విమానాన్ని నడపవచ్చు. భారత వాయుసేన ఫ్లయింగ్ బ్రాంచి ప్రమాణాలలో ఒక కంటికి 6/6, రెండో కంటికి 6/9 చూపు ఉండాలి, ఆ 6/9 కూడా దీర్ఘదృష్టి (దగ్గరివి సరిగా కనబడని లోపం) వల్ల వచ్చినదై అద్దంతో 6/6కు సరికావాలి, హ్రస్వదృష్టిని (దూరానివి సరిగా కనబడని లోపాన్ని) అంగీకరించరు. లేజర్ శస్త్రచికిత్స చేయించుకుంటే సరిపోతుందని తొందరపడకండి. శస్త్రచికిత్స పద్ధతి, చేయించుకున్న నాటి వయసు, ఆ తరువాత గడిచిన కాలం, దానికి ముందున్న పవర్, ఇవన్నీ వేర్వేరు దళాలలో వేర్వేరుగా లెక్కకు వస్తాయి. మీరు చేరదలచిన దళపు నియమాన్ని రాతలో చదివిన తరువాతే నిర్ణయం తీసుకోండి. ఒకసారి జరిగిన శస్త్రచికిత్సను వెనక్కి తీసుకోలేము.

శరీర కొలతలు మరో పెద్ద వడపోత. ఎజెక్షన్ సీటులో తొడ మరీ పొడవుగా ఉంటే బయటకు విసరబడే క్షణంలో మోకాళ్లు ముందున్న పరికరాల చట్రానికి తగిలే ప్రమాదం ఉంటుంది. కూర్చున్న ఎత్తు ఎక్కువైతే తల కాక్‌పిట్ కప్పుకు చేరువవుతుంది, తక్కువైతే బయటి దృశ్యం కనబడదు. అందుకే భారత వాయుసేన ఫ్లయింగ్ బ్రాంచికి కనీస ఎత్తు 162.5 సెంటీమీటర్లతో పాటు కాలి పొడవు 99 నుంచి 120, కూర్చున్న ఎత్తు 81.5 నుంచి 96, తొడ పొడవు గరిష్ఠంగా 64 సెంటీమీటర్లు అని నిర్దేశించింది. ఈ కొలతలు సాధనతో మారేవి కావు కనుక, ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకముందే ఇంటివద్ద టేపుతో కొలిచి చూసుకోండి.

వెన్నెముకకు ఎక్స్‌రే తీయడం వెనుక కూడా ఇదే కారణముంది. సీటు కింది రాకెట్ మోటారు శరీరాన్ని పైకి నెట్టినప్పుడు ఆ ఒత్తిడిని భరించేది వెన్నుపూసలే, ఎజెక్షన్‌లో ఎక్కువగా గాయపడేవీ అవే. అనుమానమున్నవారు సొంత ఖర్చుతో ముందుగానే పరీక్ష చేయించుకుంటే ఏళ్ల తరబడి అనిశ్చితి తప్పుతుంది. బాల్యంలో ఉబ్బసం, పాత ఎముక విరుపు, మూర్ఛ, చెవి శస్త్రచికిత్స వంటి చరిత్ర ఉంటే దాచవద్దు. మీ పౌర వైద్య రికార్డులలో నమోదైన విషయం సైనిక దరఖాస్తులో లేకపోతే, జబ్బు కంటే ఆ అబద్ధమే మీ అర్హతను పోగొడుతుంది.

నాలుగో మెట్టు: మీ గంటలను ఉపయోగించుకోవడం

లైసెన్సు చెల్లుబాటులో ఉండటం అన్నిటికంటే ముఖ్యం. వయసు సడలింపు లైసెన్సు ఆధారంగా దొరికే దేశంలో, వైద్య ధ్రువపత్రమో రేటింగో (ఒక తరహా విమానం నడిపే అనుమతి) గడువు తీరిపోతే ఆ సడలింపే చేజారుతుంది. దరఖాస్తు రోజు మొదలుకొని కోర్సులో చేరే రోజు వరకు ఏయే గడువులు ఎప్పుడు తీరుతాయో ఒక కాగితంపై రాసి పెట్టుకోండి.

అదనపు గంటల విషయంలో సంయమనం అవసరం. అమెరికా వాయుసేన అభ్యర్థులకు లెక్కగట్టే పీసీఎస్ఎం (పైలట్ ఎంపిక) స్కోరులో పౌర విమాన గంటలకు కూడా భాగముంది, కాని ఒక స్థాయి దాటాక ఎన్ని గంటలు చేర్చినా స్కోరు పెరగదు. వాయుసేనలు ఏమి కోరుతున్నాయో ఈ ఏర్పాటులోనే కనిపిస్తుంది: మీరు గాలిలో సౌకర్యంగా ఉండగలరనీ నేర్చుకోగలరనీ తెలిస్తే చాలు, మిగతాది వారు నేర్పుతారు. అందుచేత బహుళ ఇంజన్ల రేటింగుకో టైప్ రేటింగుకో పెద్ద మొత్తం వెచ్చించే బదులు, చట్టబద్ధంగా అనుమతి ఉన్న చోట, అర్హుడైన శిక్షకునితో కొద్ది గంటలైనా ఏరోబాటిక్స్ (గాలిలో విన్యాసాలు), స్పిన్ (విమానం గిరగిరా తిరుగుతూ పడిపోవడం) నుంచి బయటపడే విధానం నేర్చుకోండి. తలకిందులైనప్పుడు కడుపు తిప్పుతుందా, దిక్కు తెలియకుండా పోతుందా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఆటోపైలట్ తీసివేసి చేత్తో నడపడం, జీపీఎస్ పక్కన పెట్టి పటము, గడియారం, నేలమీది గుర్తులతో దారి పట్టుకోవడం కూడా సాధన చేయండి. తక్కువ ఎత్తులో వేగంగా సాగే సైనిక నావిగేషన్‌కు ఈ పాత విద్యే పునాది.

ఐదో మెట్టు: పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష

ఈ పరీక్ష ఎగిరిన అనుభవాన్ని కొలవదు. ఒకేసారి అనేక పనులను చేతులు, కాళ్లు, కళ్లు, చెవుల మధ్య పంచుకోగల సామర్థ్యాన్ని కొలుస్తుంది. భారతదేశంలో దీనిని సీపీఎస్ఎస్ (కంప్యూటర్‌పై జరిగే పైలట్ ఎంపిక పరీక్ష) అంటారు, జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు, విఫలమైనవారికి ఫ్లయింగ్ బ్రాంచి తలుపు శాశ్వతంగా మూసుకుంటుంది. అమెరికా వాయుసేన టీబాస్ పరీక్షలో జాయ్‌స్టిక్‌తో, పెడళ్లతో తెరమీది లక్ష్యాలను వెంబడిస్తూనే చెవిలో వినిపించే అక్షరాలకు స్పందించాలి. అక్కడ విరామం తరువాత మళ్లీ రాసే వీలుంది.

పరికరాలు చదవడంలో వాణిజ్య పైలట్‌కు సహజంగానే మేలు ఉంటుంది. కృత్రిమ క్షితిజం, టర్న్ ఇండికేటర్, ఆల్టీమీటర్ ముళ్లను చూసి విమాన స్థితిని చెప్పే ప్రశ్నలు మీరు నిత్యం చూసేవే. ఆ మేలును నమ్ముకుని సాధన మానకూడదు, ఎందుకంటే గాజు తెరల కాక్‌పిట్‌లో మాత్రమే ఎగిరినవారికి ముళ్ల పరికరాలను వేగంగా చదివే అలవాటు తక్కువ. పెడళ్లున్న సాధారణ సిమ్యులేటర్‌పై, పక్కన ఎవరైనా అంకెలు చదువుతుంటే వాటిని కూడుతూ, ఎత్తును, దిశను నిలబెట్టే అభ్యాసం చేయండి. పరీక్షకు ముందు రాత్రి నిద్ర చాలకపోతే ఫలితం నేరుగా దెబ్బతింటుంది. రాత్రి విమానం నడిపి వచ్చిన మరుసటి ఉదయాన దీనికి హాజరు కావద్దు.

ఆరో మెట్టు: ఎంపిక మండలి

సైన్యం ముందుగా అధికారిని ఎంపిక చేసుకుంటుంది, తరువాతే పైలట్‌ను. భారతదేశంలో ఎయిర్ ఫోర్స్ సెలక్షన్ బోర్డు మొదటి రోజు వడపోత తరువాత మనస్తత్వ పరీక్షలు, బృంద కార్యాలు, ఇంటర్వ్యూలతో కొన్ని రోజులపాటు పరిశీలిస్తుంది. బ్రిటన్‌లో ఈ పని క్రాన్‌వెల్‌లో జరుగుతుంది.

పౌర పైలట్‌కు తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది: మంచి జీతమున్న వృత్తిని వదిలి ఇక్కడికి ఎందుకు? ఉద్యోగం దొరకలేదని గాని, ఉచితంగా జెట్ నడపవచ్చని గాని మీ జవాబులో లీలగా ధ్వనించినా అనుభవజ్ఞులైన అధికారులు పసిగడతారు. మీ కోరికకు నిజమైన కారణమేమిటో ముందు మీకు మీరు స్పష్టం చేసుకోండి. సైనిక పైలట్ రోజులో ఎగిరే సమయం కంటే నేలమీద సిబ్బందిని నడిపించే, పత్రాలు చూసే, పథకాలు వేసే సమయమే ఎక్కువని తెలిసి కూడా దాన్ని కోరుకుంటున్నారా? ఆయుధం ప్రయోగించవలసి రావడం గురించి ఆలోచించారా? ఈ రెంటికీ నిజాయతీగా సమాధానం దొరికినవారు ఇంటర్వ్యూకు భయపడనక్కరలేదు. బృంద కార్యాలలో మీ గంటల సంఖ్యను ప్రస్తావించి పైచేయి సాధించాలని చూడవద్దు. సమస్యను విని, చిన్న సూచన చేసి, ఇతరులకు తాడు పట్టుకునే వ్యక్తికి అక్కడ ఎక్కువ విలువ.

ఏడో మెట్టు: ఉన్న ఉద్యోగాన్ని వదిలే క్రమం

చేరిక పత్రం చేతికి వచ్చేవరకు రాజీనామా చేయకండి. విమాన సంస్థతో శిక్షణ బాండు ఉంటే మిగిలిన మొత్తం, నోటీసు కాలం ముందే లెక్క చూసుకోండి. లైసెన్సు కోసం తీసుకున్న అప్పు ఉంటే, శిక్షణాకాలపు భృతితో వాయిదాలు కట్టగలరా అన్నది కుటుంబంతో కూర్చుని తేల్చుకోండి. భారత వాయుసేనలో 25 ఏళ్లలోపు అభ్యర్థులు అవివాహితులై ఉండాలన్న నియమాన్ని కూడా గుర్తుంచుకోండి.

ఎనిమిదో మెట్టు: శిక్షణలో కొత్త విద్యార్థిగా మారడం

కష్టమంతా ఇక్కడే ఉంది. భారత వాయుసేన శిక్షణార్థి దుండిగల్ అకాడమీలో పిలాటస్ పీసీ-7 విమానంపై, అమెరికా శిక్షణార్థి టీ-6 విమానంపై ప్రారంభిస్తాడు. ఎన్నడూ ఎగరని సహచరుడూ, వాణిజ్య పైలట్ అయిన మీరూ ఒకే పాఠం నుంచి మొదలవుతారు. తొలి వారాలలో రేడియో సంభాషణ, ల్యాండింగ్, పరికరాల పరిశీలన మీకు సులువుగా రావడం వల్ల ముందంజలో ఉన్నట్టు కనిపిస్తారు. ఆ ఆధిక్యం ఫార్మేషన్ (ఇతర విమానాలతో దగ్గరగా వరుసలో ఎగరడం), ఏరోబాటిక్స్ పాఠాలు మొదలయ్యేసరికి కరిగిపోతుంది. తొలి వారాల తీరికను చదువుకు వాడుకోనివారు అక్కడ వెనుకబడతారు.

మార్చుకోవలసిన అలవాట్లు కొన్ని లోతుగా నాటుకుని ఉంటాయి. పౌర పైలట్ పవర్ సరిచేసి, ట్రిమ్ చేసి, విమానాన్ని దాని మానాన సాగనివ్వడం మంచి విద్యగా నేర్చుకున్నాడు. ఫార్మేషన్‌లో కళ్లు నాయక విమానంపైనే ఉండాలి, దాని రెక్కమీది ఒక గుర్తు దాని శరీరంమీది మరొక గుర్తుతో కలిసేలా థ్రాటిల్‌ను క్షణక్షణమూ కొద్దికొద్దిగా కదుపుతూనే ఉండాలి. పౌర విమానం మూడు డిగ్రీల వాలులో దూరం నుంచి తిన్నగా రన్‌వేకు దిగుతుంది. సైనిక శిక్షణలో అధిక వేగంతో రన్‌వే పైకి వచ్చి, పదునైన మలుపుతో వేగం తగ్గించి, వంపు తిరుగుతూనే దిగడం నేర్పుతారు. అత్యవసర చర్యలలో కొన్నింటిని చెక్‌లిస్టు తెరవకుండా, అక్షరం పొల్లుపోకుండా కంఠస్థం చెప్పాలి. అమెరికా వాయుసేన శిక్షణలో ఉదయపు సమావేశంలో ఒక విద్యార్థిని నిలబెట్టి, ఒక ఆపద పరిస్థితిని ఇచ్చి, అందరి ఎదుటా దానిని పరిష్కరించమంటారు.

అన్నిటికంటే పెద్ద తేడా కాలానిది. ఫ్లయింగ్ క్లబ్బులో ఒక విన్యాసం పట్టుబడకపోతే మరికొన్ని గంటలకు డబ్బు కట్టి నేర్చుకోవచ్చు. సైనిక పాఠ్యక్రమంలో ప్రతి అంశానికీ ఇన్ని సార్టీలని (శిక్షణ విమానయానాలని) నిర్ణయమై ఉంటుంది, ఆలోగా ప్రమాణాన్ని అందుకోలేనివారిని సమీక్షకు, ఆపై తొలగింపుకు పంపుతారు. దీనికి అందుబాటులో ఉన్న ఉత్తమ సాధనం ఖర్చులేనిది: ముందురోజు రాత్రి కుర్చీలో కూర్చుని, చేతుల్లో స్టిక్, థ్రాటిల్ ఉన్నట్టు భావించుకుని, టాక్సీ నుంచి షట్‌డౌన్ వరకు ప్రతి మాటనూ, ప్రతి చర్యనూ పైకి పలుకుతూ సార్టీ మొత్తం మనసులో ఎగరడం. శిక్షకుడు తప్పు చూపినప్పుడు "మా స్కూలులో ఇలా నేర్పారు" అన్న మాట మీ నోట రాకూడదు. సివిల్ అలవాటు మార్చుకోలేడన్న అభిప్రాయం ఒకసారి ఏర్పడితే దానిని తొలగించడానికి చాలా సార్టీలు పడుతుంది.

శరీరాన్ని సిద్ధం చేయడం

30 డిగ్రీల వంపుతో ఎత్తు మారకుండా తిరిగితే శరీరంపై పడే భారం 1.15 జి, అంటే మామూలు బరువుకు 1.15 రెట్లు. ప్రయాణికుల విమానాలు సాధారణంగా అంతకు మించి వంగవు. 60 డిగ్రీలకు అది 2 జి, 75 డిగ్రీలు దాటగానే 4 జి అవుతుంది. ఆధునిక యుద్ధవిమానాలు 9 జి వరకు వెళ్లగలవు. శిక్షణ లేని శరీరానికి 4 నుంచి 5 జి మధ్య చూపు మసకబారడం మొదలవుతుంది, ఆపై మెదడుకు రక్తం చాలక స్పృహ తప్పుతుంది. దీనిని ఎదుర్కొనే పద్ధతిలో కాళ్లు, పిరుదులు, పొత్తికడుపు కండరాలను బిగించి, ఊపిరి నిండా తీసి పట్టి, సుమారు మూడు సెకన్లకొకసారి వేగంగా కొద్ది గాలిని మార్చుకోవాలి. భారం పడకముందే బిగించాలి, పడిన తరువాత బిగిస్తే ఆలస్యమైనట్టే. ఈ విద్యను సెంట్రిఫ్యూజ్‌లో (మనిషిని వేగంగా గుండ్రంగా తిప్పి భారం కలిగించే యంత్రంలో) నేర్పుతారు, బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌లో అటువంటి యంత్రం ఉంది. ఇంటివద్ద చేయగలిగినది కాళ్ల, నడుము కండరాల బలం పెంచడం, గుండె దమ్ము కోసం పరుగు, చాలినంత నీరు తాగే అలవాటు. హోటళ్లలో వేళకాని వేళ తిని, గంటల తరబడి కూర్చుని పనిచేసిన ఎయిర్‌లైన్ పైలట్‌కు ఈ సిద్ధత కనీసం ఆరు నెలలు ముందు మొదలవ్వాలి.

విభాగం కేటాయింపు, ఆ తరువాతి రికార్డులు

యుద్ధవిమానం, రవాణా విమానం, హెలికాప్టర్ అన్న విభజన మీ ప్రతిభను, మీ ఇష్టాన్ని, ఆ సమయంలో దళానికి ఉన్న అవసరాన్ని కలిపి జరుగుతుంది. మీకు ఎయిర్‌లైన్ అనుభవం ఉన్నది గనుక రవాణా విమానమే ఇస్తారన్న హామీ ఎక్కడా ఉండదు. మూడింటిలో ఏది వచ్చినా చేయగలనని అనుకున్నవారే ఈ దారిలో అడుగుపెట్టాలి. సేవా బాధ్యత కూడా దీర్ఘమైనది. అమెరికా వాయుసేనలో పైలట్ శిక్షణ పూర్తయిన నాటి నుంచి పదేళ్లు.

వింగ్స్ (సైనిక పైలట్ బ్యాడ్జీ) అందుకున్న రోజు నుంచే మీ పౌర లాగ్‌బుక్‌ను కూడా కొనసాగించండి. సైనిక రికార్డులలో గంటలను చాలాచోట్ల టేకాఫ్ నుంచి ల్యాండింగ్ వరకే లెక్కిస్తారు, పౌర విధానంలో విమానం స్వయంగా కదిలినప్పటి నుంచి ఆగేవరకు లెక్క. పైలట్ ఇన్ కమాండ్, రాత్రి, పరికరాల ఆధారంగా ఎగిరిన సమయం వంటి పద్దులూ ఒకేలా ఉండవు. అమెరికాలో సైనిక పైలట్లకు పరిమిత ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ సర్టిఫికెట్ 1,500కు బదులు 750 గంటలకే దొరుకుతుంది, ఆ మినహాయింపు కోరేనాడు చూపవలసినది సరైన రికార్డే. ప్రతి నెలాఖరున రెండు లెక్కలనూ పక్కపక్కన నమోదు చేసి, స్క్వాడ్రన్ ధ్రువీకరణ తీసుకుని, నకలు మీ వద్ద ఉంచుకోండి.